కోతి పళ్ళు ఇకిలిస్తే ఇంకో కోతి మెదడులో ఏం జరుగుతుంది?

మకాక్ కోతుల మీద సెమినార్‌కి తయారవుతూ ఒకచోట ఇరుక్కుపోయాను. కోతి పెదాలు వెనక్కి లాగి పళ్ళన్నీ బయటపెడితే మనకి నవ్వులా కనిపిస్తుంది గానీ, అది చాలాసార్లు భయం, లొంగుబాటు. (ఫొటో చూసి నేనూ మోసపోయా.) ముఖాల్ని గుర్తుపట్టే కణాల గుంపులు మెదడు పక్కభాగపు పైపొర అయిన టెంపొరల్ కార్టెక్స్‌లో ఉంటాయి, సరే. ఆ ముఖంలోని భావం సంగతి మెదడు లోపలుండే అమిగ్డాలా అనే చిన్న భాగం చూసుకుంటుందనే అనుకున్నాను. అయితే అమిగ్డాలా దెబ్బతిన్న ఎస్.ఎం. అనే మహిళ భయపడ్డ ముఖాల్ని పోల్చుకోలేకపోయినా, కళ్ళవైపు చూడమని చెప్తే పోల్చుకోగలిగిందని 2005 నాటి పరిశోధనలో ఉంది. మరి అమిగ్డాలా పని భావాన్ని చదవడమా, చూపుని కళ్ళ మీదికి మళ్ళించడమా? కోతుల్లోనూ ఇలాగే తేలిందా? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి, న్యూరోసైన్స్‌కి నేను కొత్త.