తైవాన్ సీటు: అపోస్టిల్ చాలా? అసలది దేశమా, కాదా?

పర్లాకిమిడి_పాతబస్టాండ్:
మా తమ్ముడికి తైవాన్‌లో ఎమ్మెస్సీ సీటొచ్చింది. డిగ్రీ ఆంధ్రా యూనివర్సిటీది, ఆధార్ ఒడిశా గజపతి జిల్లాది. ఏజెంటేమో "అది చైనాలో భాగమే, అపోస్టిల్ కొట్టిస్తే అయిపోద్ది" అంటున్నాడు (అంటే సర్టిఫికెట్ విదేశంలో చెల్లడానికి వేసే ముద్ర). ఒక వెబ్‌సైట్ జాబితాలో "తైవాన్, ప్రావిన్స్ ఆఫ్ చైనా" అనే ఉంది. ఇది ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అనే మన కొటియా ఊళ్ల గొడవలాంటిదేనా?

రాయగడ_మాస్టారు:
ముందు ఆ ఏజెంటుని ఆపండి. అపోస్టిల్ హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్యే చెల్లుతుంది, తైవాన్ అందులో లేదు. మీకు కావాల్సింది మామూలు అటెస్టేషన్. డిగ్రీ ఏ రాష్ట్రంలో జారీ అయిందో ఆ రాష్ట్రంలోనే మొదటి ముద్ర పడాలి, అంటే మీకు ఆంధ్రాలో. భువనేశ్వర్ తీసుకెళ్తే తిప్పి పంపిస్తారు. తర్వాత విదేశాంగ శాఖ. ఫారంలో "అపోస్టిల్" గడి కాకుండా "నార్మల్" గడి టిక్ చేయించండి. చివరిది తైపే ఎకనమిక్ అండ్ కల్చరల్ సెంటర్, అంటే మన దేశంలో తైవాన్‌కి ఎంబసీ బదులుండే ఆఫీసు. ఇక్కడే మన సరిహద్దువాళ్లకి చిక్కు: చెన్నై సెంటర్ దక్షిణాది రాష్ట్రాలది, ఒడిశా దాని కిందకి రాదు. డిగ్రీ ఆంధ్రాది, చిరునామా ఒడిశాది కాబట్టి ఏ సెంటరుకి పంపాలో ఢిల్లీ సెంటరుకి మెయిల్ పెట్టి, జవాబొచ్చాకే ఒరిజినల్స్ కొరియర్ చెయ్యండి.

కోరాపుట్_కాఫీ:
కొటియాతో పోలిక కుదరదండీ. అక్కడ 21 ఊళ్లలో రెండు ప్రభుత్వాలూ తిరుగుతాయి, ఒకే ఇంట్లో రెండు ఓటరు కార్డులుంటాయి. తైవాన్‌లో బీజింగ్ ప్రభుత్వం ఒక్కరోజు కూడా పాలించలేదు. సైన్యం, కరెన్సీ, పాస్‌పోర్టు అన్నీ తైవాన్ రాజధాని తైపేవే. 1996 నుంచి అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు. లేనిదల్లా గుర్తింపు.

1895లో చింగ్ వంశం ఆ దీవిని జపాన్‌కి రాసిచ్చింది. 1945లో అది అప్పట్లో చైనాని ఏలుతున్న రిపబ్లిక్ ఆఫ్ చైనా ప్రభుత్వం చేతికొచ్చింది. 1949లో అంతర్యుద్ధంలో కమ్యూనిస్టుల చేతిలో ఓడి ఆ ప్రభుత్వమే అక్కడికి చేరింది. 1951 శాన్ ఫ్రాన్సిస్కో ఒప్పందంలో జపాన్ తన హక్కు వదులుకుంది గానీ ఎవరికి వదిలిందో రాయలేదు. లాయర్లు ఇప్పటికీ దీని మీదే కొట్టుకుంటున్నారు. 1971లో ఐక్యరాజ్య సమితి సీటు బీజింగ్‌కి పోయింది. 2024 జనవరిలో నౌరు దేశం తప్పుకున్నాక తైవాన్‌ని గుర్తించేవాళ్లు వాటికన్‌తో కలిపి 12 మందే మిగిలారు. మనం 1949లోనే బీజింగ్‌ని గుర్తించాం, అందుకే ఢిల్లీలో ఎంబసీ ఉండదు, "సెంటర్" ఉంటుంది.

సిరోంచ_గోదారి:
వెబ్‌సైట్‌లో ఆ పేరు చూసి కంగారొద్దు. దేశాల కోడ్‌లిచ్చే ఐఎస్‌ఓ సంస్థ ఐక్యరాజ్య సమితి పేర్లనే వాడుతుంది, సాఫ్ట్‌వేర్లు దాన్నే ఎత్తి పెట్టుకుంటాయి. అదే ఎంచుకోండి, కోడ్ టీడబ్ల్యూ అయితే చాలు. ఉత్త "చైనా" మాత్రం ఎంచుకోవద్దు. వీసా స్టిక్కర్ మీద "రిపబ్లిక్ ఆఫ్ చైనా" అని ఉంటుంది, అది తైవాన్‌దే. ముందు "పీపుల్స్" ఉంటే బీజింగ్‌ది.

పర్లాకిమిడి_పాతబస్టాండ్:
సీటు కిన్‌మెన్‌లో అండి. తైపే నుంచి రైలుందా?

సిరోంచ_గోదారి:
లేదు, అది వేరే దీవి. తైపే పాలనే గానీ జలసంధికి అవతల, చైనా నగరం షియామెన్‌కి 10 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. తైపేలోని సోంగ్‌షాన్ ఎయిర్‌పోర్టు నుంచి విమానంలో గంట. అంతర్జాతీయ విమానాలొచ్చే తావోయువాన్ ఎయిర్‌పోర్టులో దిగాక సోంగ్‌షాన్‌కి మారడానికి నాలుగైదు గంటలైనా పెట్టుకోండి. వసంతంలో పొగమంచుకి కిన్‌మెన్ విమానాలు రద్దవుతుంటాయి కాబట్టి రెండు టికెట్లూ ఒకేరోజు బిగించి కొనొద్దు. షియామెన్‌కి పడవలున్నాయి. సరదాకి ఎక్కితే తైవాన్ దాటినట్టే లెక్క: అటు చైనా వీసా కావాలి, సింగిల్ ఎంట్రీ వీసా మీద ఉంటే తిరిగి రానివ్వరు. రెసిడెంట్ కార్డు చేతికొచ్చేదాకా ఆగమనండి.