నీల్ ఐలాండ్‌లో మూడు రాత్రులంటే బోర్ కొడుతుందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

అందరికీ నమస్తే. కనుమ మర్నాడు అండమాన్ బయలుదేరుతున్నాం. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ మా గుంటడు, మా అత్తగారు. ఇన్నాళ్ళూ మనకి అండమాన్ అంటే "అండమాన్ సముద్రంలో అల్పపీడనం" అని టీవీలో వచ్చే వార్తే, అది వినగానే కోసిన వరి తడవకుండా కుప్ప వేయడానికి పొలానికి పరిగెత్తడమే తెలుసు, అక్కడికి షికారు వెళ్తామని ఎప్పుడూ అనుకోలేదు.

వైజాగ్ నుంచి చెన్నై మీదుగా విమానం టికెట్లు తీసేసుకున్నాం. ఇంక గొడవంతా ఎక్కడ ఎన్ని రోజులన్న దాని మీదే. ఏజెంట్ ఇచ్చిన కాగితంలో పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రాత్రులు, హావ్‌లాక్ దీవిలో మూడు రాత్రులు, నీల్‌కి మాత్రం పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయడం అని ఉంది. "నీల్‌లో ఏముందండీ, నాలుగు బీచ్‌లు, మధ్యాహ్నానికి అయిపోతాయి" అంటాడు. మా ఆవిడేమో ఏదో వీడియో చూసి, హావ్‌లాక్ వద్దు, మూడు రాత్రులూ నీల్‌లోనే ఉండాలని పట్టుబట్టి కూర్చుంది. ఐదారు కిలోమీటర్ల పొడవున్న దీవిలో మూడు రోజులు ఏం చేస్తామండీ? వాళ్ళ ముగ్గురికీ ఈత రాదు. నాకు చెరువులో ఈత వచ్చు గానీ కళింగపట్నంలో మోకాలి లోతు దాటి వెళ్ళిన పాపాన పోలేదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, పైగా సోమవారం, శనివారం నీసు ముట్టరు. ఎవరి మాట వినమంటారు?

కోట_జంక్షన్ (విజయనగరం):

మీ ఆవిడ మాట వినండి, ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. సరే, జోకు పక్కన పెడితే, మేం కిందటి ఫిబ్రవరిలో మీ ఏజెంట్ చెప్పినట్టే చేసి బాగా దెబ్బతిన్నాం. జెట్టీలో దిగేసరికి తొమ్మిదిన్నర, కారు ఎక్కించి భరత్‌పూర్ బీచ్‌లో గంట, తర్వాత లక్ష్మణ్‌పూర్ వైపు సముద్రం తొలిచేసిన రాతి వంతెన, దాన్ని అక్కడివాళ్ళు హౌరా బ్రిడ్జి అంటారు, అక్కడికి తీసుకెళ్ళారు. తీరా చూస్తే పోటు మీద ఉంది సముద్రం, దారంతా నీళ్ళే. కొబ్బరిబోండాల కొట్ల దగ్గర నిలబడి దూరం నుంచి దాని మొహం చూసి వెనక్కి వచ్చేశాం. ఆ రోజు పౌర్ణమి మర్నాడు, పదకొండు గంటలకి అక్కడ నీళ్ళు నిండుగా ఉంటాయని ఆ కొట్లో ముసలాయన చెప్పాడు. ఆ సంగతి మా ఏజెంట్‌కి తెలియదా అంటే తెలుసు, ఆయనకి కావాల్సింది కాగితం మీద టిక్కు పెట్టడం. అందరూ అదే టైముకి వస్తారు, అదే టైముకి పోతారు, ఊరు ఖాళీ అయిపోయాక ఎలా ఉంటుందో చూసేవాడే లేడు.

మీకు ఈత రాకపోయినా ఫరవాలేదు. భరత్‌పూర్‌లో అడుగున అద్దం ఉన్న పడవ ఉంటుంది, అత్తగారు కూడా హాయిగా కూర్చుని కోరల్స్, అదే పగడపు దిబ్బలు, చూడొచ్చు, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు మాత్రం నీళ్ళలో కాస్త చెయ్యి పట్టుకోవాలి. పిల్లాడికి లైఫ్ జాకెట్, ట్యూబు వేసి స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ళ పైనుంచే కిందకి చూడడం) చేయిస్తారు, గైడ్ ట్యూబు పట్టుకుని లాక్కెళ్తాడు. మా పాప నీళ్ళలో మొహం పెట్టిన మొదటి నిమిషం భయపడింది, తర్వాత బయటికి లాగడానికి మా తలప్రాణం తోకకొచ్చింది. వీపున గాలి సిలిండరు కట్టుకుని లోతుకి దిగే స్కూబా మాత్రం మీ వాడికి కుదరదు, పదేళ్ళు నిండాలి.

చీపురుపల్లి_మామిడి:

నేను అడ్డం మాట్లాడతాను, తిట్టుకోకండి. మేం మూడు రాత్రులు ఉన్నాం, రెండో రోజు సాయంత్రానికే నాకు గోడలు చూడడం మొదలైంది. ఐదు దాటితే చీకటి, ఆరున్నరకి తినేస్తాం, ఎనిమిదికి బజారంతా సద్దుమణిగిపోతుంది, ఇంక ఏం చేయాలి? మొబైల్ చూసుకోవడమే. 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక నెట్ బాగుపడిందన్నారు గానీ మా గదిలో సిగ్నల్ కోసం కిటికీ ఊచ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ చూడకుండా వచ్చేస్తే అంత డబ్బు పెట్టి వెళ్ళి ఏం లాభం చెప్పండి, అంత వెడల్పు ఇసుక, వెనక అంత ఎత్తు చెట్లు నేను ఇంకెక్కడా చూడలేదు. నీల్‌లో రెండు, హావ్‌లాక్‌లో ఒకటి చేసుకోండి. రెండింటికీ మధ్య ఫెర్రీలో గంట ప్రయాణం.

ఇంకోటి, మీరు గానీ స్కూబా చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఖాళీ ఉంచుకోండి. ఆస్తమా, బీపీ ఉంటే ముందే చెప్పేయండి, దాచిపెట్టి దిగొద్దు. చేసినవాడిగా చెప్తున్నా, పన్నెండు మీటర్ల లోతు అంటారు, కిందకి వెళ్తుంటే చెవులు నొక్కేస్తాయి, ముక్కు మూసుకుని ఊదితే గానీ సర్దుకోవు. ఆ ఒక్కటీ వచ్చేస్తే మిగతాదంతా వాళ్ళే చూసుకుంటారు.

సోంపేట_టు_బ్లెయిర్:

మాది సోంపేట, మా నాన్నగారి రోజుల్లోనే ఇక్కడికి వచ్చేశాం. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళకి కొదవ లేదు, 2011 జనాభా లెక్కల్లోనే అండమాన్ నికోబార్ మొత్తం మీద నూటికి పదమూడు మంది మనవాళ్ళు, అందులో శ్రీకాకుళం వైపు వాళ్ళే చాలామంది, కాబట్టి బజార్లో ధైర్యంగా తెలుగులో బేరం ఆడండి. అన్నట్టు పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది (వినడానికి విజయనగరం పక్క ఊరిలా ఉంటుంది), హావ్‌లాక్, నీల్ పేర్లు 2018లోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని మారాయి. ఫెర్రీ టికెట్ మీద ఒక్కోసారి కొత్త పేర్లే ఉంటాయి, రెండూ సకారమో షకారమో కదా అని కంగారులో ఒకదాని బదులు ఇంకోటి బుక్ చేసినవాళ్ళున్నారు.

ఇక అసలు సంగతి. నీల్‌లో ఎన్ని రోజులు అని కాదు, ఏ తిథి అని అడగాలి. ఇక్కడ అమావాస్యకీ పౌర్ణమికీ పొద్దున పది ప్రాంతంలో పోటు నిండుతుంది, సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఆటు పూర్తిగా తీస్తుంది. తర్వాత రోజుకి ముప్పావు గంట, ఒక్కోసారి గంట చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. మీరు కనుమ మర్నాడు బయలుదేరుతున్నారు, ఈసారి వెంటనే అమావాస్య పడుతుంది కదా, అదృష్టవంతులు. అమావాస్య నాడు మూడుకల్లా రాతి వంతెన దగ్గరికి వెళ్ళండి. అత్తగారిని కొట్ల దగ్గర కూర్చోబెట్టండి, అక్కడినుంచి పావుగంట నడకంతా గరుకు రాళ్ళ మీదే, ఆవిడ వల్ల కాదు. మీరు మాత్రం హవాయి చెప్పులతో వెళ్ళకండి, పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి.

వంతెన ఫొటో తీసుకుని వెనక్కి రావడానికి కాదు నేను పంపేది. నీళ్ళు తీసేశాక రాళ్ళ గుంటల్లో చిన్నచిన్న మడుగులు మిగులుతాయి, ఒక్క మడుగు దగ్గర గొంతుక్కూర్చుని మీ వాడిని పది నిమిషాలు కదలకుండా చూడమనండి. మొదట ఏమీ కనబడదు. తర్వాత రాయి అనుకున్నది కాళ్ళు తీసి నడుస్తుంది, అది ఖాళీ గుల్లలో కాపురం ఉండే పీత. ఓ మూల నల్లగా ముదిరిన వంకాయలాంటిది పడి ఉంటుంది, సీ కుకుంబర్ అంటారు, అదీ ప్రాణమున్న జీవే, ముట్టుకోవద్దు. అదృష్టం ఉంటే రాతిలో ఇరుక్కుని పెద్ద ఆల్చిప్ప ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది, దాని పెదవులు నెమలికంఠం రంగు, మీ నీడ పడిందా, చటుక్కున ముడుచుకుంటుంది. మా పిల్లలు చిన్నప్పుడు ఆ ఆట గంటలు గంటలు ఆడేవాళ్ళు. నీళ్ళు తిరిగి రావడం మొదలైతే మాత్రం ఇంకొక్క ఫొటో అనకుండా లేచిపోండి, రాళ్ళ మధ్య దారి మనం చూస్తుండగానే మునిగిపోతుంది.

చీపురుపల్లి ఆయన రాత్రి ఏం చేయాలన్నారు కదా. ఇక్కడ సూర్యుడు మీ దగ్గరకంటే ముందు లేస్తాడు, ముందు పడుకుంటాడు, గడియారం మాత్రం అదే. జనవరిలో ఐదుంబావు ప్రాంతంలో సూర్యాస్తమయం అయిపోతుంది. ఎనిమిదికి లేచి పది గంటలకి బయటపడితే సగం రోజు పోయినట్టే. నాలుగున్నరకి లేచి సీతాపూర్ వెళ్ళండి, అక్కడ సూర్యోదయం, సాయంత్రం లక్ష్మణ్‌పూర్‌లో అస్తమయం, మధ్యాహ్నం ఎండలో నిద్ర. అమావాస్య రాత్రుల్లో ఇంకో సంగతి ఉంది, దీపాలు లేని ఒడ్డున మోకాలి లోతులో చెయ్యి కదిపితే ఒక్కోసారి నీళ్ళలో నీలంగా మిణుగురుల్లా మెరుస్తుంది. కంటికి కనబడనంత చిన్న జీవులు అవి, కదిపితే వెలుగుతాయి. ప్రతి రాత్రీ కనబడవు, హోటల్ కుర్రాడిని అడగండి, ఏ వైపు అన్నది వాడికే తెలుస్తుంది. మొసలి హెచ్చరిక బోర్డు ఉన్నచోట మాత్రం రాత్రి గానీ పగలు గానీ దిగొద్దు, అవి అలంకారానికి పెట్టినవి కావు.

కోట_జంక్షన్:

పైన అన్నగారు చెప్పిందానికి ఒక్కటి కలుపుతా. గవ్వలు, కోరల్ ముక్కలు ఏరుకుని బ్యాగులో వేసుకోవద్దు. మా తోడల్లుడు పాప ముచ్చటపడిందని గుప్పెడు చచ్చిన కోరల్ ముక్కలు తెచ్చాడు, ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో పట్టుకుని అందరి ముందూ బ్యాగు బోర్లించి ఏరించారు, పరువు పోయింది. చచ్చినదైనా సరే నేరమే. శంఖమో గవ్వో కావాలంటే లైసెన్సు ఉన్న షాపులో కొని బిల్లు దగ్గర పెట్టుకోండి. ఇంకా సాయంత్రం పూట ఇసుక మీద తువ్వాలు లేకుండా కూర్చోకండి, కంటికి కనబడని ఇసుక ఈగలు కుడతాయి, రెండోరోజు నుంచి దురద మొదలై వారం దాకా గోక్కోవడమే. కొబ్బరినూనె రాసుకుంటే కొంత నయం.

నాగావళి_గట్టు:

అబ్బో, ఇన్ని విషయాలు ఏజెంట్ మూడు ఫోన్లలో చెప్పలేదండీ. తిథి చూసి ప్రోగ్రాం వేసుకోవాలంటే మా అత్తగారికి తెగ నచ్చేసింది, "చూశావా, పంచాంగం లేనిదే సముద్రం కూడా కదలదు" అని పొద్దున్నుంచి ఒకటే ఉపన్యాసం. చివరికి ముగ్గురి మాటా కలిపి నీల్‌లో రెండు రాత్రులు, హావ్‌లాక్‌లో ఒకటి, మిగతావి పోర్ట్ బ్లెయిర్ అని సెటిల్ చేశాం. నీసు లేని భోజనం దొరుకుతుందా? ఫెర్రీలో వాంతుల సంగతి ఏటి? చివరి రోజు పొద్దున నీల్ నుంచి వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కేయొచ్చా?

సోంపేట_టు_బ్లెయిర్:

చివరిది మాత్రం చస్తే చేయకండి. గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆపేస్తారు, విమానం మీకోసం ఆగదు. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి, సెల్యులర్ జైలు, సాయంత్రం అక్కడి లైట్ షో ఆ రోజుకి పెట్టుకోండి.

భోజనానికి బెంగ లేదు. నీల్‌లో ఉన్నది ఎక్కువగా తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీలు, ఊళ్ళ పేర్లు కూడా సీతాపూర్, రామ్‌నగర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. అందరూ కూరగాయలు పండిస్తారు, ఆ కూరగాయలే పోర్ట్ బ్లెయిర్ మార్కెట్‌కి వస్తాయి. బజార్లో చిన్న హోటల్‌లో అన్నం, పప్పు, ఆలూ భాజా, ఏదో ఒక ఆకుకూర దొరుకుతాయి. చేప వండిన గరిటె పప్పులో పెట్టొద్దని మాత్రం ముందే గట్టిగా చెప్పండి, వాళ్ళ లెక్కలో చేప నీసే కాదు. ఏటీఎంని నమ్ముకోకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే డబ్బు తీసి పెట్టుకోండి.

వాంతులకి ఎక్కడానికి అరగంట ముందు మాత్ర వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. పెద్దవాళ్ళకీ పిల్లాడికీ డాక్టర్‌ని అడిగి తెచ్చుకోండి. వచ్చేటప్పుడు భీమాళి మామిడి తాండ్ర ఓ రెండు కిలోలు పట్టుకురండి, సగం మీ అత్తగారు ఫెర్రీలో చప్పరించడానికి, మిగతా సగం నాకు. జెట్టీ దగ్గరికి నేనే వచ్చి తీసుకుంటా.