నాన్నకు పక్షవాతం: రీహాబ్ హాస్పిటల్లో చేర్చాలా, ఇంటికి తెచ్చి ఫిజియో పెట్టుకోవాలా?

మిర్చిరైతు కొడుకు:

అందరికీ నమస్తే. మా నాన్నకు 61 ఏళ్లు, ఖమ్మం దగ్గర పల్లె. పోయిన నెల మిర్చి తోట నుంచి వచ్చి మంచం మీద కూర్చున్నాడు, లేవబోతే కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట కూడా పోయింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాం. ప్రాణానికి భయం లేదు, ఇక డిశ్చార్జ్ అంటున్నారు. మనం చెప్పేది ఆయనకి అర్థమవుతోంది, కానీ నోటి నుంచి "ఆ, అదీ" తప్ప ఇంకో మాట రావట్లేదు. తిండి ముక్కులో పైపుతోనే. కూర్చోబెడితే కుడి పక్కకి ఒరిగిపోతున్నాడు.

కొన్ని వారాలు రీహాబిలిటేషన్ హాస్పిటల్లో ఉంచమని న్యూరాలజిస్టు అన్నారు. అక్కడ రోజుకు వేలల్లో ఖర్చు. మా మేనమామేమో "ఇంటికి తెచ్చెయ్యండి, ఫిజియో అబ్బాయి రోజూ వస్తాడు, పసరు మందు నేను ఇప్పిస్తా" అంటున్నాడు. అమ్మ ఎటూ తేల్చట్లేదు. ఇంట్లో చేయలేనిది ఆ హాస్పిటల్లో ఏం చేస్తారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

కృష్ణాతీరం:

మా పెదనాన్నకి ఇంట్లోనే ఫిజియో చేయించాం. ఏడాది తిరిగేసరికి కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచాడు. మాట మాత్రం రాలేదు. స్పీచ్ థెరపీ అని ఒకటుందని అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు. డబ్బులు చూసుకుని నిర్ణయించుకో బ్రదర్.

భువనగిరి అక్క:

తమ్ముడూ, మా అన్న గీత కార్మికుడు. మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపూస విరిగి నడుము కింద స్పర్శ పోయింది. మీ నాన్నది మెదడు, మా అన్నది వెన్నుపాము, రెండూ ఒకటి కాదు. అయినా నువ్వడిగిన ప్రశ్నకి జవాబు మా ఇంట్లో ఉంది కాబట్టి రాస్తున్నా.

ఆపరేషన్ బాగా చేశారు, దానికి వంక పెట్టను. రాడ్లు వేసి, కుట్లు విప్పి, మూత్రం సంచి తగిలించి పంపారు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చిన కొన్నాళ్లకే పిరుదుల మీద ఎముక కనిపించేంత పుండు పడింది. నొప్పి తెలియదు కాబట్టి వాసన వచ్చేదాకా ఎవరం చూడలేదు. ఆ పుండు మానడానికి పట్టిన కాలం, అయిన ఖర్చు చూశాక రీహాబ్ ఖరీదు అని నేను ఎవరితోనూ అనను.

ఊళ్లో ఒక మాస్టారు చెబితే తమిళనాడులో వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి వాళ్ల బాగాయం రీహాబ్‌కి వెళ్లాం. 1966లో మొదలైన చోటు అది. దాని వెనకున్న మేరీ వర్గీస్ గారి కథ అక్కడే విన్నాను. 1954లో కారు ప్రమాదంలో ఆమెకీ వెన్ను దెబ్బతిని కాళ్లు పోయాయి. అప్పటికే డాక్టరు. తర్వాత చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్టు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారట. మా అన్న అది విన్న రోజు ఏమీ అనలేదు గానీ, పొద్దున జిమ్‌కి తీసుకెళ్లమని తానే అడగడం ఆ తర్వాతే మొదలైంది.

అక్కడ ఏం చేశారంటే, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూమ్ సీటు మీదికి తానే జరగడం నేర్పారు. కాసేపటికోసారి చేతుల మీద లేచి పిరుదుల మీద బరువు తీయాలి. రోజూ అద్దం పెట్టుకుని వెనక చర్మం ఎర్రబడిందేమో చూసుకోవాలి. సంచి తీసేసి, కొన్ని గంటలకోసారి సన్నని గొట్టం తానే పెట్టుకుని మూత్రం తీసుకోవడం చెప్పారు. దొడ్డికి కూడా వేళ పెట్టారు. సిగ్గు పడాల్సిన సంగతులు కావివి, వీటి మీదే బతుకు నడుస్తుంది. మా వదినకి అన్నతో సమానంగా ట్రైనింగ్ ఇచ్చారు. ఆమె చేసి చూపిస్తుంటే నర్సు పక్కన నిలబడి చూసేది, చెయ్యి వేసేది కాదు. ఇంటికొచ్చాక ఆ ధైర్యమే పనికొచ్చింది. అన్న నడవలేదు, నడుస్తాడని వాళ్లు అబద్ధమూ చెప్పలేదు. ఇప్పుడు ఇంటి ముందు కిరాణా కొట్టు చూసుకుంటున్నాడు, ఉద్దెర బాకీలు వసూలు చేయడంలో మహా గట్టి.

కాబట్టి వెళ్లిన చోట మిషన్లు ఎన్నున్నాయని చూడొద్దు. "మా అమ్మకి ఏం నేర్పిస్తారు?" అని అడుగు. అటెండెంట్‌ని బయట కూర్చోమనే చోటు అయితే వెనక్కి వచ్చెయ్.

బెజవాడ ఫిజియో:

నేను ఫిజియోథెరపిస్టుని. ఇళ్లకి వెళ్లి చేసేవాణ్ణే, అందుకని నా వ్యాపారానికి అడ్డంగా మాట్లాడుతున్నాననుకోండి. ఇంటికి వెళ్తే నేనుండేది ముప్పావు గంట. అమెరికాలో ఇన్‌పేషెంట్ రీహాబ్‌కి మామూలు లెక్క రోజుకు 3 గంటల థెరపీ, వారానికి 5 రోజులు. స్ట్రోక్ తర్వాత మొదటి మూడు నెలల్లోనే కోలుకోవడం వేగంగా ఉంటుంది. తర్వాత ఆగిపోదు, నెమ్మదిస్తుంది. మీ నాన్నగారికి కాలూ చెయ్యీ ఒక్కటే కాదు, మాట పోయింది, మింగడం పోయింది. ఆ రెండూ నా చదువు కాదు, స్పీచ్ థెరపిస్టుది. చొక్కా వేసుకోవడం, ఎడమ చేత్తో తినడం ఆక్యుపేషనల్ థెరపిస్టు చూస్తారు. ఖమ్మం పల్లెకి వీళ్లందరూ రోజూ రారు కదా.

చేర్చే ముందు అక్కడ ఎండీ పీఎంఆర్ (ఫిజికల్ మెడిసిన్ అండ్ రీహాబిలిటేషన్, అంటే రీహాబ్ స్పెషలిస్టు చదువు) చదివిన డాక్టరు ఉన్నారా, రోజూ చూస్తారా అని అడగండి. ముసలివాళ్లని చూసుకునే హోమ్‌కి నాలుగు పరికరాలు పెట్టి రీహాబ్ అని బోర్డు తగిలించినవీ ఉన్నాయి.

ఎక్కడ ఉంచినా రెండు జాగ్రత్తలు. లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టి లాగొద్దు, భుజం కీలు జారుతుంది. మింగడం పరీక్ష చేయకుండా నోట్లో చుక్క కొబ్బరినీళ్లు కూడా పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. పసరు మందుకీ ఇదే మాట, మీ మేనమామగారికి నా పేరు చెప్పి తిట్టమనండి.

మిర్చిరైతు కొడుకు:

అక్కా, సార్, చాలా థాంక్స్. అమ్మకి చదివి వినిపించాను. మాకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, రీహాబ్‌కి వర్తిస్తుందా?

కృష్ణాతీరం:

పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ చూడు. 05 నంబరు కింద "రెస్ట్ క్యూర్, రీహాబిలిటేషన్, రెస్పైట్ కేర్" అని ఉంటుంది, అన్ని కంపెనీలదీ దాదాపు ఒకటే భాష. కేవలం రీహాబ్ కోసం చేరితే ఇవ్వరు. ప్రాణం కాపాడటానికి లక్షలు కడతారు, ఆ మనిషిని నిలబెట్టడానికి మాత్రం కట్టరు. నాకు తిక్క రేగేది అక్కడే. డిశ్చార్జ్ తర్వాత కొన్ని రోజుల ఖర్చు కొన్ని పాలసీల్లో వస్తుంది, ఫిజియోకి డాక్టరు చీటీ రాయించుకుని బిల్లులు దాచు. పరిస్థితి కుదుటపడ్డాక వైకల్యం సర్టిఫికెట్‌కి యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్లో దరఖాస్తు పెట్టండి. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 చేశారు, మందులకైనా వస్తాయి.

మిర్చిరైతు కొడుకు:

సోమవారం రెండు చోట్లకి వెళ్లి చూస్తున్నాం. అమ్మ కూడా వస్తానంది. ముందు నెల రోజులకి చేర్చి, ఏం లక్ష్యం పెట్టుకున్నారో రాసిమ్మంటాను. మామయ్యకి కూడా ఓ పని అప్పజెప్పా, మా బాత్రూమ్ తలుపు వెడల్పు కొలిచి పంపమని.

భువనగిరి అక్క:

గడప ఎత్తు కూడా కొలవమను తమ్ముడూ. మాకు కుర్చీ తలుపులో పట్టింది, గడప దగ్గర ఆగింది.