జపాన్‌లో ఉద్యోగం: హలాల్ భోజనం, నమాజు వేళల గురించి అనుభవం ఉన్నవారి సలహా కావాలి

ప్రశ్న (ప్రకాశం జిల్లా నుంచి)

అస్సలాము అలైకుం. పెద్దలకు, అన్నలకు, అక్కలకు సలాం. మాది నూర్‌బాషా కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం కాబట్టి ఉర్దూలో దొరికే సమాచారం నాకు సగమే అర్థమవుతుంది. అందుకే ఇక్కడ తెలుగులో అడుగుతున్నాను.

వచ్చే నెలలో జపాన్‌లో, నగోయాకు రైలులో గంట దూరంలో ఉన్న ఒక కార్ఖానాలో మూడేళ్ల ఉద్యోగానికి వెళ్తున్నాను. కంపెనీ వసతిగృహంలో గది ఇస్తున్నారు, వంటగది మాత్రం అందరికీ ఉమ్మడి. మధ్యాహ్న భోజనం కార్ఖానా క్యాంటీన్‌లోనే. ఆ దేశంలో పంది మాంసం వాడకం చాలా ఎక్కువని, పైకి కనిపించని కూరల్లో కూడా దాని కొవ్వు ఉంటుందని విన్నాను. జపనీస్ లిపి నాకు రాదు. దుకాణంలో ఒక పొట్లం చేతిలోకి తీసుకుని అందులో ఏముందో తెలుసుకోవడం ఎలా? హలాల్ మాంసం దొరుకుతుందా, లేక మూడేళ్లూ పప్పు, గుడ్లతోనే గడపాలా?

నమాజు గురించి ఇంతకన్నా ఎక్కువ దిగులుగా ఉంది. పదో తరగతి నుంచి ఐదు పూటలా తప్పకుండా చదువుతున్నాను. కార్ఖానాలో షిఫ్టు మధ్యలో వేళ అయితే ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? అడిగితే కొత్తగా చేరినవాడు అప్పుడే షరతులు పెడుతున్నాడని అనుకుంటారేమోనని సంకోచం. మా అమ్మ రెండు కిలోల కోడిమాంసం పచ్చడి పెట్టి పంపిస్తానంటోంది. కనీసం మొదటి రెండు నెలలు దానితో గడిచిపోతుందని ఆమె ధైర్యం.

సమాధానం 1 (కడప వాసి, పదకొండేళ్లుగా నగోయా ప్రాంతంలో)

వ అలైకుం అస్సలాం, తమ్ముడూ. ముందు పచ్చడి మాట చెప్తాను, ఎందుకంటే అది విమానాశ్రయంలోనే తేలిపోతుంది. ఎగుమతి చేసే దేశపు ప్రభుత్వం ఇచ్చిన తనిఖీ పత్రం లేకుండా మాంసంతో చేసిన ఏ పదార్థాన్నీ, వండినదైనా ఎండబెట్టినదైనా, జపాన్‌లోకి తీసుకురాకూడదు. 2019 ఏప్రిల్ నుంచి ఈ నిబంధనను మరింత కఠినంగా అమలు చేస్తున్నారు. అమ్మగారికి నచ్చజెప్పి గోంగూర, ఆవకాయ, కందిపొడి పెట్టించుకోండి.

మాంసం దొరకదన్న భయం అక్కరలేదు. గ్యోము సూపర్ అనే దుకాణాలు ఊరూరా ఉంటాయి. వాటిలో బ్రెజిల్ నుంచి వచ్చిన గడ్డకట్టిన కోడిమాంసం పెద్ద సంచుల్లో చవకగా దొరుకుతుంది, వాటిలో హలాల్ ముద్ర ఉన్నవీ ఉంటాయి. ముద్ర ఉందో లేదో కొన్న ప్రతిసారీ చూడాలి, పోయిన వారం ఉంది కదా అని ఈ వారం కళ్లు మూసుకుని బుట్టలో వేయకూడదు. మేక, గొర్రె మాంసం కోసం పాకిస్తానీ, బంగ్లాదేశీ భాయీలు నడిపే హలాల్ దుకాణాలు ఉన్నాయి. ఫోన్ చేస్తే మంచు పెట్టెలో ఇంటికే పంపిస్తారు, కందిపప్పు, మసాలాలు కూడా అక్కడే దొరుకుతాయి. అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న మన బంధువులు కొందరు "గ్రంథవాసులు (యూదులు, క్రైస్తవులు) కోసిన మాంసమే కదా" అని మామూలు దుకాణాల్లో కొంటుంటారు. ఆ వాదన అక్కడైనా వివాదాస్పదమే, జపాన్‌కు అసలే వర్తించదు. ఇక్కడి కసాయివాళ్లలో అధికులు క్రైస్తవులూ కారు, యూదులూ కారు.

అసలు కష్టం మాంసం దగ్గర కాదు, పొట్లాల దగ్గర వస్తుంది. లిపి మొత్తం నేర్చుకోనక్కరలేదు, ఒక ఏడెనిమిది మాటల రూపం కంటికి పట్టేలా చేసుకుంటే చాలు. "బుతా" అంటే పంది, దాని అక్షరం మొదటి రోజే నేర్చుకోండి. "రాడో" పంది కొవ్వు, "జెరాచిన్" జెలటిన్, "పోకు ఎకిసు" పంది మాంసపు సారం. "మిరిన్" తియ్యటి వంట మద్యం, "షుసెయ్" నిల్వ కోసం కలిపే ఆల్కహాల్. "షోటోనింగు", "న్యూకజై" అనే రెండు మాత్రం తికమక పెడతాయి. మొదటిది రొట్టెల్లో వేసే గట్టి కొవ్వు, రెండోది నూనెనూ నీటినీ కలిపి ఉంచే పదార్థం. అవి మొక్కల నుంచీ రావచ్చు, జంతువుల నుంచీ రావచ్చు. పక్కనే సోయా అనో మొక్క అనో రాసి ఉంటే సరే, లేకపోతే తయారీదారుకు ఫోన్ చేసి అడగవచ్చు. ఇక్కడి కంపెనీలు అటువంటి ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్తాయి. అలర్జీ కోసం పొట్లం వెనక వేసే పట్టికను మాత్రమే నమ్ముకోకండి. రొయ్యలు, గుడ్లు, పాలు, గోధుమ వంటివి రాయడం అక్కడ తప్పనిసరి, పంది మాంసం, జెలటిన్ మాత్రం రాయమని సిఫార్సు చేసిన జాబితాలోనివి. పదార్థాల వరుస మొత్తం చదవాలి.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చెప్తాను. క్యాంటీన్‌లో "నికు తబెమసెన్", అంటే మాంసం తినను, అని చెప్పాను. వడ్డించే పెద్దావిడ ఎంతో ఆదరంగా నూడుల్స్ గిన్నెలో నుంచి మాంసం ముక్కలు ఏరి, మిగతాది నా చేతిలో పెట్టింది. నేను ఆరు వారాలు తిన్నాను. ఆ పులుసు పంది ఎముకలతో కాచినదని తరువాత తెలిసింది. ఆమె తప్పు ఏమీ లేదు, వాళ్ల మాటలో "నికు" అంటే కంటికి కనిపించే ముక్క. పులుసు, హామ్, బేకన్, కొవ్వు, ఇవన్నీ విడివిడిగా పేరు పెట్టి చెప్పాలి. ఒక చీటీ మీద జపనీస్‌లో రాయించి జేబులో పెట్టుకోండి. ఇక్కడి కూర పొడి దిమ్మలు చూడగానే మన కూర గుర్తొస్తుంది, కానీ వాటిలో చాలావాటిలో జంతువుల కొవ్వు, పంది సారం ఉంటాయి. నేనైతే మధ్యాహ్నానికి అన్నం డబ్బా కట్టుకుని వెళ్తాను. జపాన్‌లో ఇంటి డబ్బా తెచ్చుకోవడం మామూలే కాబట్టి ఎవరూ వింతగా చూడరు.

ఉమ్మడి వంటగదికి ఒక మూకుడు, ఒక కత్తి, కూరలు తరిగే ఒక పలక సొంతంగా కొని, గదిలోనే పెట్టుకోండి.

సమాధానం 2 (నెల్లూరు ఆడపడుచు, కోబేలో)

తమ్ముడూ, అన్నగారు చెప్పిన వాటిలో ఒకటి రెండు విషయాలకు చేర్పు.

షుసెయ్ గురించి మన పండితుల్లో ఒకే మాట లేదు. సోయా సాస్‌లోనూ, మిసో అనే సోయా ముద్దలోనూ పులియడం వల్ల సహజంగా కొంత ఆల్కహాల్ పుడుతుంది. దానికి తోడు బూజు పట్టకుండా పైనుంచి కొద్దిగా కలుపుతారు. ద్రాక్ష, ఖర్జూరాల నుంచి కాక ధాన్యం, చెరకు వంటి వాటి నుంచి తీసిన ఆల్కహాల్‌ను, మత్తు కలిగించని అతి కొద్ది మోతాదులో ఉంటే, హనఫీ (ఇస్లామీ ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటి) పండితులు కొందరు అనుమతిస్తారు, ఇంకొందరు వద్దంటారు. మా ఇంట్లో సహజంగా పుట్టిన దాన్ని తింటాం, పైనుంచి కలిపిన దాన్ని కొనం. మీరు నమ్మే ఆలింను (ధర్మ పండితుణ్ని) బయలుదేరే ముందే అడిగి ఒక నిర్ణయానికి రండి, ఎందుకంటే దుకాణంలో ఆకలితో నిలబడి తీసుకునే నిర్ణయం రోజుకో రకంగా ఉంటుంది. మీరు వెళ్లే ప్రాంతం ఒక విధంగా అదృష్టం. ఒకజాకి పట్టణంలో తయారయ్యే హచ్చో మిసో సంప్రదాయంగా సోయా గింజలు, ఉప్పు, నీళ్లతోనే చేస్తారు. మిరిన్ విషయంలో మాత్రం తర్జనభర్జన అక్కరలేదు. అది సుమారు 14 శాతం ఆల్కహాల్ ఉన్న మద్యం, చేపల పులుసుల్లోనూ, కాల్చిన చేపకు పూసే పాకంలోనూ ధారాళంగా పోస్తారు.

సముద్రపు తిండి మరో విషయం. నెల్లూరు మనుషులం రొయ్యలకు అలవాటుపడ్డవాళ్లం, అక్కడివరకు సరే. జపాన్‌లో కణవ (స్క్విడ్), ఆక్టోపస్ రోడ్డు పక్కన బండ్ల మీద కూడా కనిపిస్తాయి. షాఫయీ శాఖవాళ్లు తింటారు, హనఫీలు తినరు. ఇండోనేషియా, మలేషియా స్నేహితులు తింటున్నారు కదా అని మీరు తినేముందు మీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర శాఖ) ఏమిటో గుర్తు చేసుకోండి.

ఇంకొక మాట. మనసు బాగాలేని రోజున ఒకసారి కోబే మసీదుకు రండి. 1935లో కట్టిన ఆ మసీదు జపాన్‌లో మొట్టమొదటిది. అప్పట్లో ఈ రేవులో వ్యాపారం చేసిన భారతీయ ముస్లింలు, రష్యా నుంచి వచ్చి స్థిరపడిన తాతార్లు కలిసి చందాలు వేసుకుని కట్టించారు. 1945 బాంబుల వర్షంలో చుట్టూ ఊరంతా కాలిపోయినా అది నిలిచింది, 1995 భూకంపంలోనూ నిలిచింది. పెళ్లయి వచ్చిన కొత్తలో, భాష రాక, పలకరించేవాళ్లు లేక నేను అక్కడికి వెళ్లి కూర్చునేదాన్ని. మనకన్నా ముందే మనవాళ్లు ఇక్కడ నుదురు నేలకు ఆనించి సజ్దా చేశారన్న ఆలోచన నన్ను ఎంతగా నిలబెట్టిందో మాటల్లో చెప్పలేను.

సమాధానం 3 (కర్నూలు వాసి, ఆటోమొబైల్ విడిభాగాల కార్ఖానాలో ఏడేళ్లు)

నేను మీలాంటి కార్ఖానాలోనే పనిచేస్తున్నాను కాబట్టి నమాజు సంగతి చెప్తాను.

ముందు వేళలు. జూన్ నెలలో ఫజర్ (తెల్లవారుజాము నమాజు) వేళ 3 గంటలకు ముందే మొదలై, 4:40 ప్రాంతంలో సూర్యోదయంతో ముగుస్తుంది. డిసెంబరులో సాయంత్రం 4:40కే సూర్యుడు అస్తమిస్తాడు, అంటే పగటి షిఫ్టులో ఉన్నవాడికి అసర్ (సాయంత్రపు నమాజు), మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) రెండూ పనిలోనే వస్తాయి. జొహర్‌కు (మధ్యాహ్న నమాజుకు) ఇబ్బంది లేదు, మధ్యాహ్న భోజన విరామంలో చదువుకోవచ్చు. ఫిబ్రవరిలో మాత్రం 12 గంటలు దాటిన కొద్ది నిమిషాలకుగానీ వేళ కాదు కాబట్టి ముందు తిని, తరువాత నిలబడాలి. కిబ్లా (నమాజుకు నిలబడే మక్కా దిశ) మన ఊళ్లో కన్నా ఇంకాస్త ఉత్తరానికి, పడమర నుంచి 20 డిగ్రీలకు పైగా ఉంటుంది.

అడగడం గురించి నా అనుభవం ఇది. మొదట్లో నేను "మీ దగ్గర ప్రార్థనా మందిరం ఉందా" అని అడిగాను. మా సూపర్‌వైజర్ కంగారుపడ్డాడు, ఒక గది కట్టించాలేమోనని అనుకున్నాడట. రెండోసారి కాగితం మీద రాసి ఇచ్చాను: నాకు కావలసింది ఒక మనిషి పడుకునేంత శుభ్రమైన నేల, ఏడు నిమిషాలు, డిసెంబరులో ఫలానా వేళకు, జూన్‌లో ఫలానా వేళకు. నడిచే లైను మీద నుంచి ఏడు నిమిషాలు పక్కకు తప్పుకుంటే నా స్థానంలో ఎవరో ఒకరు నిలబడాలి, కాబట్టి నా విరామాన్ని ఒక పావుగంట ముందుకో వెనక్కో జరపగలరా అని కూడా రాశాను. రెండు రోజుల్లో ఒప్పుకున్నారు. బట్టలు మార్చుకునే గదిలో ఒక మూల చూపించారు, అక్కడ చెప్పులు పెట్టవద్దని మిగతావాళ్లకు వాళ్లే చెప్పారు. ఇక్కడ ముందుగా, కొలతలతో సహా అడిగిన దాన్ని కాదనడం అరుదు. చెప్పకుండా మాయమైతే మాత్రం సహించరు.

వజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) దగ్గరే జాగ్రత్త అవసరం. అందరూ చేతులు కడుక్కునే బేసిన్‌లో కాలు పెడితే చూసినవాళ్లు నొచ్చుకుంటారు, నేల తడిస్తే ఇంకా ఎక్కువ. ఉదయం ఇంట్లో వజూ చేసుకుని తోలు మేజోళ్లు తొడుక్కుని వెళ్లండి. ఊళ్లో ఉన్నవాడికి ఒక రోజు, ఒక రాత్రి వరకు కాళ్లు కడగకుండా వాటి మీద తడిచేత్తో తుడిస్తే (మసహ్ చేస్తే) సరిపోతుంది.

జుమాకు (శుక్రవారపు సామూహిక నమాజుకు) నగోయా మసీదు హోన్‌జిన్ స్టేషన్ దగ్గర ఉంది, 1998 నుంచి నడుస్తోంది. గిఫులోనూ మసీదు ఉంది. గంట ప్రయాణం కాబట్టి భోజన విరామం చాలదు. కొన్ని కంపెనీల్లో సంవత్సర సెలవుల్లో ఐదు రోజుల వరకు గంటల లెక్కన వాడుకోనిస్తారు, మీ కంపెనీలో ఆ ఒప్పందం ఉందో లేదో అడగండి. లేకపోతే దగ్గర్లో ఇండోనేషియా కుర్రాళ్లు ఎక్కడ గది అద్దెకు తీసుకుని జుమా చదువుతున్నారో వెతకండి. ఫ్యాక్టరీలు ఉన్న ప్రతి చోటా వాళ్లు ఉంటారు.

ప్రశ్న అడిగినవారి జవాబు

మీ ముగ్గురికీ అల్లాహ్ మేలు చేయుగాక. కర్నూలు అన్న చెప్పిన పద్ధతిలోనే నిమిషాలు, వేళలు రాసి, జపనీస్ తెలిసిన స్నేహితుడితో అనువాదం చేయించి కంపెనీకి పంపాను. ఈ రోజే జవాబు వచ్చింది. నమాజుకు వసతిగృహంలో ఏ ఇబ్బందీ లేదని, కార్ఖానాలో చోటు నేను చేరిన మొదటి రోజే లైను ఇన్‌ఛార్జితో కలిసి చూద్దామని రాశారు. క్యాంటీన్ విషయంలో ప్రత్యేకంగా ఏమీ చేయలేమని, డబ్బా తెచ్చుకోవచ్చని, వేడి చేసుకోవడానికి మైక్రోవేవ్ ఉందని చెప్పారు. ఆ మైక్రోవేవ్‌లో అందరూ అన్నీ పెడతారు కదా, డబ్బా మీద మూత బిగించి వేడి చేసుకుంటే సరిపోతుందని మా ఊరి ఇమాం సాహెబ్ చెప్పారు.

పచ్చడి కుదరదని అమ్మతో చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తరువాత గోంగూర కడగడానికి లేచింది. కడప అన్నగారూ, నేను చేరాక వచ్చే మొదటి సెలవు శుక్రవారం నగోయా మసీదుకు వస్తాను, వీలైతే మీరు కూడా రండి.