ఇంటర్ పిల్లోళ్లకు ప్రోటీన్ పొడి కావాలా, బేడలూ (పప్పు) బుడ్డలూ (వేరుశనగ) చాలవా?

హంద్రీగట్టు:
జిమ్ముకు పోయే పదహారేళ్ల పిల్లోళ్లకు పొడి కొనియ్యడం పాపమన్నట్టు మాట్లాడతాండారు ఈడ అందరూ. నేను ఒప్పుకోను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం 16–18 ఏళ్ల మగపిల్లోడికి రోజుకు 55 గ్రాముల మాంసకృత్తులు (ప్రోటీన్) కావాల, ఆడపిల్లకు 46. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాన్నం హాస్టల్ నీళ్లపప్పు, రాత్రికి చారన్నం. యాడనుంచి వస్తాయప్పా 55? ఆ పలచటి పప్పు గరిటెడులో 15 గ్రాముల బేడలు పడితే గొప్ప, అంటే 3 గ్రాములు. 30 గ్రాముల పొడి కలుపుకుంటే ఒక్కసారిగా 24 వస్తాయి. అది పాలు విరిచినప్పుడు మిగిలే తేట నుంచి తీసిందే, విషమేం కాదు.

పెన్నేటిపాయ:
అన్నా, అన్నాన్నీ సంగటినీ లెక్కలోంచి తీసేసినావు. బియ్యం, రాగిపిండి కలిపి రోజుకు 300 గ్రాములు తినే పిల్లోడికి అక్కడే 20 దాటుతుంది. గట్టిగా ఉడికిన పప్పు, అంటే 60 గ్రాముల కందిబేడలు, 13. రెండు గుడ్లు 12. గుప్పెడు బుడ్డలు, 40 గ్రాములు, 10. పావులీటరు పెరుగు 8. కూడుకో, 63. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా 28 రూపాయలకు నీ పొడిలోని 24 గ్రాములూ వచ్చేస్తాయి. ఇంకోటి. నువ్వు చెప్పిన ఆ సంస్థే 2024 ఆహార మార్గదర్శకాల్లో కండ కోసం పొడులు వాడొద్దని చెప్పింది.

కందిబేడ:
ఇద్దరికీ ఒక మాట. బుడ్డల్లో మాంసకృత్తులు నూటికి 24 దాకా ఉన్నా, ఆ మాంసకృత్తుల్లో ఒంటికి తప్పనిసరైన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. బియ్యంలో, రాగిలో కూడా అదే తక్కువ. అందుకే బుడ్డల చట్నీతో సంగటి ఎంత తిన్నా ఆ లోటు అట్లే ఉంటుంది. దాన్ని పూడ్చేది కందిబేడలు, ఉలవలు, పెసలు, గుడ్డు, పాలు. పెద్దోళ్లు సంగటికి ఉలవచారు పోసుకున్నది ఊరికే కాదు. కాకపోతే పైనున్న తేట ఒక్కటే తాగితే లాభం లేదు, ఉడికిన ఉలవల్ని కూడా గుగ్గిళ్లుగా తినాల. బుడ్డల విషయంలో ఇంకో జాగ్రత్త: ముడతలు పడినవి, బూజు వాసనొచ్చేవి, చేదుగా ఉన్నవి ఏరి పారెయ్యాల. తేమ తగిలిన కాయలో పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. వేయించినా అది పూర్తిగా పోదు.

హంద్రీగట్టు:
లైసిన్ సంగతి ఒప్పుకుంటా. కానీ పొడి తాగితే కిడ్నీలు పోతాయని భయపెట్టేవాళ్లకు చెప్తాండా, ఆరోగ్యంగా ఉన్న కిడ్నీని ఆ పాటి పొడి చెడగొట్టదు. అసలు మోసం ‘మాస్ గెయినర్’ డబ్బాల్లో ఉంది. వెనక చీటీ చదవండి, ఎక్కువ పాలు చక్కెరా పిండి పదార్థాలే. చక్కెర తినిపించి బరువు పెంచడానికి అంత డబ్బెందుకు?

రాగిముద్ద:
అన్నలూ, మీ గొడవంతా మగపిల్లల కండల చుట్టే తిరుగుతోంది. ఇంటర్ అమ్మాయికి ముందు చూడాల్సింది ఇనుము. 16–18 ఏళ్లలో రోజుకు 32 మిల్లీగ్రాములు కావాలి, అబ్బాయికి 26. నెలసరితో పోయేది ఎటూ ఉంది. ధాన్యాల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి కొద్దిగానే పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అదీ తగ్గిపోతుంది. గంట ఆగండి. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఎక్కువ పడుతుంది. బడుల్లో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దాంతో ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుట్టి పిల్లలు బుట్టలో పారేస్తారు. అన్నం తిన్నాక నీళ్లతో వేసుకోవాలి, పాలతో వద్దు. మలం నల్లగా వస్తే భయపడక్కర్లేదు.

సీమపిల్లోడు:
బరువులెత్తితే ఎత్తు పెరగరంట కదా, నిజమేనా అన్నా?

పెన్నేటిపాయ:
కాదు తమ్ముడూ. పద్ధతిగా ఎత్తితే ఎదుగుదల ఆగదు. ఎముక చివరలో ఎదిగే పొరకు దెబ్బ తగిలేది పోటీకి పోయి ఒకేసారి అతి బరువు లేపి, నడుము వంచి పడేసినప్పుడు. మొదటి నాలుగు వారాలు నీ ఒంటి బరువే చాలు: బస్కీలు 15, దండీలు 8, అట్లా మూడు దఫాలు, నడుమ నిమిషం విశ్రాంతి. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. తర్వాత ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టు. వీపు నిటారుగా ఉంచి 12 సార్లు ఎత్తగలిగే బరువే నీ బరువు. అది 15కు పోయినాక నూటికి ఐదో పదో పెంచు. మిగతా రోజుల్లో పరుగో, కబడ్డీయో. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే రోజుకు 60 నిమిషాలు నిండాల. అనంతపురం ఎండల్లో ఏప్రిల్, మే నెలలు పొద్దున ఏడు లోపలే ముగించుకో. తల తిరిగితే పరుగాపి నీడకు పో, ఉప్పేసిన మజ్జిగ తాగు.

హంద్రీగట్టు:
సరే, పొయ్యి లేని హాస్టల్లో, గుడ్డు ముట్టని పిల్లోడి సంగతేంది?

కందిబేడ:
50 గ్రాముల పుట్నాలు, 11 గ్రాములు. పొయ్యీ లేదు, నానబెట్టే పనీ లేదు. దానికి అర లీటరు పాలు తోడైతే ఇంకో 16. ఉగ్గాని చేసేవాళ్లకు కూడా ఇదే చెప్తా: బొరుగులు 50 గ్రాములేస్తే మూడున్నరే. పప్పులపొడి చెంచాడు కాదు, 30 గ్రాములు చల్లితే ఇంకో ఆరు వస్తాయి. పక్కన బజ్జీలు ఎన్ని తింటావో నీ ఇష్టం, వాటిని ఈ లెక్కలోకి తేవొద్దు.

హంద్రీగట్టు:
ఆ పాలూ దొరకనోడు పొడి కొంటే తప్పనను. కొనేముందు డబ్బా మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉందా లేదా చూసుకోండి. విడిగా కట్టిచ్చే పొడి మాత్రం వద్దు.