గూగుల్ పబ్‌సబ్: డెడ్ లెటర్ టాపిక్ పెట్టినా మెసేజ్‌లు అందులోకి వెళ్లట్లేదు

ప్రశ్న: పబ్‌సబ్‌లో (సర్వీస్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే గూగుల్ సేవ) ఆర్డర్ ఈవెంట్ల సబ్‌స్క్రిప్షన్‌కి (టాపిక్‌లోకి వచ్చే మెసేజ్‌లను మా సర్వీస్‌కి అందించేది) డెడ్ లెటర్ టాపిక్ (పదేపదే విఫలమైన మెసేజ్‌లను పక్కన పెట్టే చోటు) తగిలించి, డెలివరీ ప్రయత్నాలు 5 అని పెట్టాం. పాడైన జేసన్ (డేటా రాసే ఫార్మాట్) ఉన్న మెసేజ్ ఒకటి ఇరవై సార్లు దాటినా తిరిగి మా సర్వీస్‌కే వస్తోంది. డెడ్ లెటర్ వైపు ఖాళీ. ఎక్కడ చూడాలండీ?

జవాబు: పర్మిషన్లు చూడండి. మెసేజ్‌ని అటు పంపేది మీ కోడ్ కాదు, పబ్‌సబ్ సొంత సర్వీస్ అకౌంట్. దానికి డెడ్ లెటర్ టాపిక్ మీద పబ్లిషర్ రోల్, అసలు సబ్‌స్క్రిప్షన్ మీద సబ్‌స్క్రైబర్ రోల్ ఉండాలి. రెండోదే చాలామంది మరిచిపోతారు. అది లేకపోతే అసలు సబ్‌స్క్రిప్షన్‌లో యాక్ (మెసేజ్ పని అయిపోయిందని చెప్పడం) చేయడం పబ్‌సబ్‌కి కుదరదు, మెసేజ్ అక్కడే తిరుగుతుంది.

ఇంకో జవాబు: డెడ్ లెటర్ టాపిక్‌కి ఒక సబ్‌స్క్రిప్షన్ కూడా తప్పక పెట్టండి. లేదంటే అటు వెళ్లిన మెసేజ్ పోయినట్టే. రీట్రై పాలసీ (మళ్లీ ఎప్పుడు పంపాలో చెప్పే సెట్టింగ్) వదిలేస్తే వెంటనే మళ్లీ పంపుతుంది. డేటాబేస్ ఒక్క నిమిషం పడిపోయినా 5 ప్రయత్నాలు క్షణాల్లో అయిపోయి, మంచి మెసేజ్‌లు కూడా డెడ్ లెటర్‌లో పడతాయి. బ్యాకాఫ్ (మళ్లీ పంపే ముందు ఆగే సమయం) కనిష్ఠం 10, గరిష్ఠం 600 సెకన్లు పెట్టండి. యాక్ గడువు దాటినా ఒక ప్రయత్నం కిందే లెక్క. ఆ లెక్క కూడా ఉజ్జాయింపే, సరిగ్గా 5 దగ్గరే ఆగుతుందనుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు: సబ్‌స్క్రైబర్ రోలే లేదు. ఇచ్చాక కదిలింది, థ్యాంక్సండీ. కోడ్ సరిచేశాక డెడ్ లెటర్‌లోని మెసేజ్‌లను అసలు టాపిక్‌కే తిరిగి పంపొచ్చా?

జవాబు: పంపొచ్చు, కానీ ఆ టాపిక్ మీదున్న సబ్‌స్క్రిప్షన్లన్నిటికీ మళ్లీ వెళ్తుంది. బిల్లింగ్ లాంటివి ఆర్డర్ ఐడీ చూసి రెండోసారి వచ్చినదాన్ని వదిలేసేలా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. డెడ్ లెటర్ సబ్‌స్క్రిప్షన్‌లో మెసేజ్‌లు డిఫాల్ట్‌గా 7 రోజులే ఉంటాయి, ఆలస్యం చేయొద్దు.