కీమో మాత్ర ఆపమని చెప్పే అధికారం నర్సుకు ఉండాలా?

పడమటిగాలి:
కేపెసిటబిన్ లాంటి కీమో మాత్రలు ఇంట్లోనే వేసుకుంటారు. మామూలుగా 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతారు. ఈ మూడు వారాల్లో డాక్టరు కనిపించేది దాదాపు ఒక్కసారి. మధ్యలో ఇంటికొచ్చేదీ ఫోన్ చేసేదీ నర్సే. అలాంటప్పుడు ‘ఈ పూట మాత్ర వద్దు’ అని ఆమే చెప్తే తప్పేంటి?

తెల్లకోటు:
తప్పే. నోరు పుండైందనీ వికారమనీ ప్రతిసారీ ఆపుకుంటూ పోతే మందు చాలదు. మనం జాలిపడి ఆపామని క్యాన్సర్ ఆగదు కదా. రక్త పరీక్షలు, కిడ్నీ పనితీరు చూడకుండా ఫోన్లో విని నిర్ణయాలేంటి?

రాత్రిడ్యూటీ:
డాక్టర్ గారూ, నేను నర్సునే, ఇళ్లకు వెళ్లేదాన్ని. ఒకాయన ఫోన్ చేసిన ప్రతిసారీ ‘అంతా బాగుందమ్మా’ అనేవాడు. తొమ్మిదో రోజు పూర్తయ్యాక వెళ్లి డబ్బా తెరిపించాను. రోజుకు ఆరు చొప్పున 84 మాత్రలు. అప్పటికి 30 మిగలాలి, 42 ఉన్నాయి. సాక్స్ తీయమంటే మొహమాటపడ్డాడు. అరికాళ్లు ఎర్రగా కందిపోయి, పొరలు లేస్తున్నాయి. మడమల మీద నడుస్తున్నాడు. తిడతారని చెప్పకుండా రెండు రోజులు తనే మానేశాడు. మేం ఆపొద్దన్నా వాళ్లు ఆపుతూనే ఉన్నారండీ, మీకు తెలియట్లేదంతే.

మామూలుకన్నా రోజుకు నాలుగు విరేచనాలు ఎక్కువైతే ఈ మాత్ర ఆపాలన్నది డాక్టర్లు రాసిన నియమమే. దాన్ని పాటించడానికి సోమవారం దాకా ఎందుకు ఆగాలి? మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి, డోసు తగ్గించాలా అన్నవి మాత్రం మీరే చెప్పాలి. అవి నాకొద్దు.

పడమటిగాలి:
ఫ్రాన్స్‌లో కాప్రి అధ్యయనం చేశారు, 2022లో వచ్చింది. నర్సులు ఫోన్, యాప్ ద్వారా కనిపెట్టుకుని ఉన్న రోగుల్లో తీవ్రమైన దుష్ప్రభావాలు 27.6 శాతం మందికి వస్తే, మామూలు పద్ధతిలో 36.9 శాతం మందికి వచ్చాయి. డాక్టర్ గారి భయానికి జవాబు కూడా అందులోనే ఉంది. అందాల్సిన మోతాదులో అందినది 93.4 శాతం, రెండో గుంపులో 89.4. నర్సు చూసుకుంటే మందు తగ్గలేదు, పెరిగింది!

తెల్లకోటు:
ఆ లెక్కలు కాదనను. కానీ అది శిక్షణ, పద్ధతి, వెనక డాక్టర్లు ఉన్న ఏర్పాటు. ఒక నర్సుకు వందమందిని అంటగట్టి, ‘అధికారం ఇచ్చాం’ అని చేతులు దులుపుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. రాతపూర్వకమైన నియమం ఉంటే ఆపడం వరకు సరే.

చిన్నమ్మాయి:
మా నాన్న ఈ మాత్రలే వాడుతున్నారు. మీ వాదనంతా పగటి సంగతి. రాత్రి పదకొండుకు జ్వరం 100.4 దాటింది, నంబరుకు చేస్తే ‘ఆఫీసు వేళల్లో చేయండి’ అని రికార్డింగ్. ఎంత టెన్షన్ పడ్డామో! అప్పుడు ఎవరికి అధికారం ఉంటే మాకేం?

రాత్రిడ్యూటీ:
జ్వరానికి నాకోసం కూడా ఆగొద్దమ్మా. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వెళ్లగానే కీమో మాత్రలు వాడుతున్నారని చెప్పండి, డబ్బా వెంట పట్టుకెళ్లండి. ఇప్పుడెలా ఉన్నారు?